మీసం కింద పువ్వు, 30 గీతల తెర

ఇటలీ రచయిత పిరాండెల్లో రాసిన ఒక చిన్న నాటకంలో ముఖ్యపాత్రకి మీసం కింద ఒక పుండు ఉంటుంది. డాక్టర్ల భాషలో ఎపిథీలియోమా, అంటే కేన్సర్. మృత్యువు దారిన పోతూ తన నోట్లో గుచ్చి వెళ్లిన పువ్వు అది అంటాడు ఆయన. నాటకం పేరు కూడా ఆ పువ్వు మీదే: ‘ద మ్యాన్ విత్ ద ఫ్లవర్ ఇన్ హిజ్ మౌత్’. 1930 జులై 14న లండన్‌లో టెలివిజన్ కనిపెట్టినవాళ్లలో ఒకడైన బెయిర్డ్ కంపెనీ, బీబీసీ కలిసి ఈ నాటకాన్ని టెలివిజన్‌లో వేశాయి. చూసినవాళ్లలో ఒక్కరికి కూడా ఆ పువ్వు కనపడే వీల్లేదు. నటుడు మీసం పైకెత్తి చూపించినా కనపడదు.

ఎందుకో లెక్క వేస్తే తెలుస్తుంది. బెయిర్డ్ పద్ధతిలో బొమ్మని నిలువుగా 30 గీతలుగా కోస్తారు. ఎత్తు 7 పాళ్లు, వెడల్పు 3 పాళ్లు. ఫోను నిలువుగా పట్టుకుని తీసిన వీడియో కంటే ఇంకా సన్నం. అంత వెడల్పులో 30 గీతలు పట్టాలంటే ఒక్కో గీత పొడవునా విడిగా తెలిసే చుక్కలు 70. మొత్తం 2,100 చుక్కలు. సెకనుకి 12న్నర బొమ్మలు కాబట్టి సెకనుకి 26,250 చుక్కలు. ఒక వెలుగు, ఒక చీకటి కలిస్తే ఒక తరంగం; సగానికి తగ్గిస్తే పైహద్దు 13 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. మీడియం వేవ్ స్టేషనుకి దొరికే జాగా అంత కూడా ఉండదు, అందుకని అంచులు ఇంకాస్త మెత్తబడతాయి. అప్పట్లో లండన్ దగ్గర బ్రూక్‌మన్స్ పార్క్‌లోని జంట ట్రాన్స్‌మిటర్లలో ఒకటి బొమ్మని, ఇంకొకటి మాటని పంపేవి. మాటా బొమ్మా కలిపి పంపటం మొదలై అప్పటికి మూడున్నర నెలలే.

ఇప్పుడు ఆ 2,100 చుక్కల్లో ఒక మనిషిని పెట్టండి. తల, మెడ, కాస్త భుజం కనపడాలంటే 40 సెంటీమీటర్ల ఎత్తు, 17 సెంటీమీటర్ల వెడల్పు కావాలి. అంటే ఒక్కో చుక్క ముఖం మీద 5.7 మిల్లీమీటర్ల ముక్కని మోస్తోంది. కంటికి ఐదు గీతలు. సెంటీమీటరు మందం మీసానికి రెండు చుక్కలు. వేలి ఉంగరం, ముక్కుపుడక లాంటివి ఉన్నా లేనట్టే. మీసం కింద అర సెంటీమీటరు పుండు ఒక్క చుక్కలో కలిసిపోతుంది, ఆ చుక్క కూడా పక్క చుక్కతో రాసుకుపోతుంది.

ఈ నాటకాన్ని ఎంచుకోవటంలో ఉన్న తెలివి అక్కడే. కథకి ప్రాణమైన వస్తువు రంగస్థలం మీద కూడా మూడో వరసకి కనపడదు, మాటల్లోనే తెలియాలి. ఇద్దరు మగవాళ్లు రాత్రిపూట స్టేషన్ దగ్గర కాఫీ హోటల్లో కూర్చుని మాట్లాడుకుంటారు. ఒకాయన భార్య పురమాయించిన సామాన్ల పొట్లాలతో వచ్చి రైలు తప్పిపోయినవాడు. రెండో ఆయన చావు దగ్గరపడినవాడు. దూరాన ఒక ఆడమనిషి తచ్చాడుతుంది. అంతే. పరుగుల్లేవు, కొట్లాటల్లేవు, లేచి నిలబడాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవాళ్లు వింటూ ఉండే నాటకం. చేయించిన లాన్స్ సీవ్‌కింగ్ బీబీసీ రేడియో నాటకాల మనిషి. బెజవాడ ఆకాశవాణి నాటకాలు వింటూ పెరిగిన చెవులకి విడమరచి చెప్పక్కర్లేదు: గొంతుతో మనిషిని నిలబెట్టటం తెలిసినవాడు, ఆ గొంతుకి ఒక ముఖాన్ని అతికించాడు.

అంతకు రెండేళ్ల ముందు, 1928 సెప్టెంబర్ 11న, అమెరికాలో స్కెనెక్టడీ ఊళ్లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు వేసిన ‘క్వీన్స్ మెసెంజర్’ దీనికి పూర్తిగా తిరగేసిన దారి పట్టింది. అదీ రెండు పాత్రల ఏకాంకికే. కానీ అందులో సీసాలు, గ్లాసులు, తాళం చెవులు, పిస్తోలు ఉన్నాయి. 24 గీతల తెర మీద ముఖమూ చేతులూ ఒకేసారి పట్టవు. దాంతో మూడు కెమెరాలు పెట్టారు: రెండు ముఖాలకి, ఒకటి చేతులకి. ముఖాలకి ఇద్దరు నటులు, చేతులకి ఇంకో ఇద్దరు! దర్శకుడు మార్టిమర్ స్టూవర్ట్ ఒక పెట్టె ముందు నిలబడి మీటలు తిప్పుతూ ముఖం నుంచి చేతికి, చేతి నుంచి ముఖానికి మార్చాడు. ఈవేళ సీరియళ్లలో క్షణానికోసారి జరిగే కట్టింగుకి ముత్తాత అదే, కాదనలేం. కానీ నాటకంగా చూస్తే లండన్ వాళ్ల ఎంపికే గట్టిది. యంత్రానికి చేతగాని వస్తువుల్ని వాళ్లు ముందే వదిలేశారు. అమెరికా వాళ్లు వాటిని చూపించటానికి మనుషుల్ని పెంచారు.

లండన్ లాంగ్ ఏకర్ వీధి 133 నంబరులోని బెయిర్డ్ స్టూడియో పని తీరు మన స్టేజీ అలవాట్లకి తలకిందులుగా ఉంటుంది. స్టూడియో చీకటిగా ఉండాలి. అవతలి గదిలో ఆర్క్ ల్యాంపు, దాని ముందు రంధ్రాల చక్రం. గోడలో కిటికీ గుండా ఒకే ఒక్క వెలుగు చుక్క వచ్చి నటుడి ముఖం మీద 30 నిలువు గీతలు గీస్తుంది, సెకనుకి 12న్నర సార్లు. ముఖం నుంచి తిరిగొచ్చిన వెలుగుని చుట్టూ పెట్టిన ఫొటోసెల్సు పట్టుకుని కరెంటుగా మారుస్తాయి. ఇందులో ఒక గమ్మత్తు ఉంది. దీపం ఎక్కడుందో అక్కణ్ణుంచి చూస్తున్నట్టు బొమ్మ వస్తుంది. ఫొటోసెల్ ఎక్కడుందో అక్కణ్ణుంచి దీపం వేసినట్టు నీడలు పడతాయి. కుడివైపు సెల్సు మూసేస్తే ముఖం కుడిసగం నల్లబడుతుంది. అంటే లైటింగ్ చెయ్యాల్సినవాడు దీపాలని కాదు, సెల్సుని జరపాలి.

ఒకే కిరణం, ఒకే కుర్చీ. ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి మారాలంటే? నలుపు తెలుపు గళ్లు వేసిన ఒక పలకని పక్కనుంచి కిరణానికి అడ్డంగా జరిపేవారు. దాని వెనక నటుడు కుర్చీ ఖాళీ చేసి రెండో నటుడు కూర్చోగానే పలక పక్కకి తీసేవారు. నల్లపలక కాకుండా గళ్లు ఎందుకు అంటే, ఇంజనీరు చూపుతో ఒక కారణం కనపడుతుంది: నలుపు తెలుపు సమంగా ఉన్నప్పుడు సగటు వెలుగు మారదు, ఆంప్లిఫయర్లు ఊగిపోవు. పూర్తి నలుపు పెడితే సగటు ఒక్కసారి కింద పడి, మళ్లీ ముఖం వచ్చాక తేరుకోవటానికి టైము పడుతుంది. ఈ సంగతి మన దగ్గర చేసేటప్పుడు మళ్లీ పనికొస్తుంది. మధ్యమధ్యలో చూపించిన దృశ్యాల బొమ్మలు నెవిన్సన్ అనే చిత్రకారుడు వేసినవి. సంగీతం గ్రామఫోను రికార్డు. ప్రధానమంత్రి రామ్సే మెక్డొనాల్డ్ బెయిర్డ్ ఇచ్చిన సెట్టులో ఇంట్లోనే చూశాడు. కంపెనీ మేడ మీద మాత్రం 2,100 బల్బుల పెద్ద తెర పెట్టారు. ఆ అంకె ఎక్కడిదో పైన లెక్కలోనే ఉంది: 30 ఇంటూ 70, చుక్కకో బల్బు.

ఆ ప్రసారం రికార్డు కాలేదు. 1967లో సీవ్‌కింగ్ సాయంతో, అసలు నెవిన్సన్ బొమ్మలతోనే, 30 గీతల యంత్రం మళ్లీ కట్టి దాన్ని తిరిగి వేశారు. ఇప్పుడు నెట్లో తిరిగే ముక్కలు అవే, 1930వి కావు.

బెజవాడలో కట్టాలంటే

ఆటోనగర్ లేజర్ కటింగ్, గవర్నర్‌పేటలో దొరికే ఎలక్ట్రానిక్ సామాను, ఒక లాప్‌టాప్ ఉంటే ఈ తెర కట్టటం అసాధ్యమేమీ కాదు. గుంటూరు వాళ్లకి చక్రం ఒక్కదానికే ఇటు రావాల్సి రావచ్చు. చూసే పెట్టెలోనూ రంధ్రాల చక్రమే ఉంటుంది: వెనక దీపం సిగ్నల్ని బట్టి వెలిగి తగ్గుతుంటే, తిరిగే రంధ్రాలు ఆ వెలుగుని 30 గీతలుగా పరుస్తాయి. అన్నిటికంటే కష్టమైనది చక్రమే, దానికే ఎక్కువ చోటు ఇస్తాను.

50 సెంటీమీటర్ల వ్యాసం, అర మిల్లీమీటరు మందం అల్యూమినియం రేకు. బరువు 265 గ్రాములు వస్తుంది. 30 రంధ్రాలు, ఒక్కోటి 12 డిగ్రీల ఎడంగా, సుడి తిరుగుతూ లోపలికి. మొదటి రంధ్రం కేంద్రం నుంచి 240 మిల్లీమీటర్ల దూరంలో, తర్వాతది 239.3, ఆ తర్వాతది 238.6, ఇలా ప్రతిదీ 0.7 తగ్గుతూ చివరిది 219.7 దగ్గర ఉండాలి. బొమ్మ 48 మిల్లీమీటర్ల ఎత్తు, 21 వెడల్పు వస్తుంది, దాదాపు 7:3. చదరపు రంధ్రమైతే 0.7 కొలత. గుండ్రం అయితే 0.8 వేయించండి, లేకపోతే గీతకీ గీతకీ మధ్య నల్లసందు మిగిలి ముఖం వెదురు చిక్కం వెనక నుంచి చూసినట్టుంటుంది.

రేకు మందం తగ్గించినకొద్దీ మంచిది. ఒక మిల్లీమీటరు రేకులో 0.7 రంధ్రం సొరంగంలా తయారవుతుంది. ఎదురుగా చూసినవాడికి తప్ప పక్కన కూర్చున్నవాడికి వెలుగు రాదు. ఇక కొలతల్లో తప్పు ఎంత దాకా ఓర్చుకుంటుంది? రంధ్రం లోపలికో బయటికో 0.1 జరిగితే ఒక పక్క నల్లగీత, ఇంకో పక్క తెల్లగీత నాటకం అయ్యేదాకా కదలకుండా నిలబడతాయి. కోణంలో డిగ్రీలో పదో వంతు తేడా వస్తే ఆ వ్యాసార్థం దగ్గర 0.4 మిల్లీమీటర్లు, అంటే సగం చుక్క పైకో కిందకో జరిగి ముక్కు మీద పంటి గాటు పడుతుంది.

అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు మధ్య రంధ్రం. రేకు మీద 30 రంధ్రాలూ లేజర్‌తో కొట్టించి, షాఫ్టు రంధ్రం తర్వాత డ్రిల్లుతో వేయిస్తే కేంద్రం తప్పకుండా పక్కకి పోతుంది. అర గీత తేడా చాలు, బొమ్మలో ఒక పక్క గీతలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఇంకో పక్క ఎడం పడతాయి. ఫైలులో షాఫ్టు రంధ్రం, బిగింపు స్క్రూల రంధ్రాలు కూడా గీసి, అన్నీ ఒకే బిగింపులో కోయించాలి. కోసేవాడు 0.7 చూసి నవ్వుతాడు, ముందు తుక్కు రేకు మీద నాలుగు రంధ్రాలు కొట్టి చూడమనండి. అల్యూమినియం వెనకవైపు కరిగిన ముద్ద మిగిలి రంధ్రం సగం మూసుకుంటుంది. నీటిలో తడిపిన సన్న ఎమరీ కాగితంతో రుద్ది, వెనక దీపం పెట్టి ఒక్కో రంధ్రం చూడాలి. తర్వాత రెండు వైపులా మెరుపు లేని నల్లరంగు స్ప్రే పల్చగా కొట్టండి. మందంగా కొడితే రంధ్రాలు పూడతాయి.

లేజర్ ఖర్చు ఎందుకనుకుంటే స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల పాజిటివ్ ఫిల్ము మీద నల్లగా అచ్చు వేయించి, రంధ్రాలు పారదర్శకంగా వదిలి, యాక్రిలిక్ పలకకి అంటించవచ్చు. రంధ్రాలు నిక్కచ్చిగా వస్తాయి. కానీ ఫిల్ము ముక్కలుగా తెచ్చి అతికిస్తే అతుకు దగ్గర కోణం పోతుంది, ఒకే ముక్కగా దొరికితేనే ఆ దారి పట్టండి.

నిమిషానికి 750 చుట్లు. ఆ వేగంలో చక్రం అంచు గంటకి 70 కిలోమీటర్లతో పరిగెడుతుంది, అదీ కత్తిలాంటి రేకు అంచు. చుట్టూ ప్లైవుడ్ పెట్టె లేకుండా తిప్పొద్దు. పిల్లలు చూడటానికి వచ్చేచోట అయితే ముందు అద్దం కూడా బిగించండి.

మోటారు విషయంలో 1440 చుట్ల మామూలు ఏసీ మోటారుకి రెండింతల పుల్లీ వేస్తే 720 వస్తుందని కొందరు మొదలుపెడతారు. అది లోడుని బట్టి జారే మోటారు, 750 మీద ఎప్పటికీ నిలవదు. వైపర్ మోటారుకి లోపల గేర్లున్నాయి, మరీ నెమ్మది. కారు రేడియేటర్ ఫ్యాను మోటారు తిరుగుతుంది గానీ దాని రొద అంతా మైకులోకి ఎక్కుతుంది. 12 వోల్టుల మామూలు డీసీ మోటారు, ఊరికే తిప్పితే 1500 దాకా వెళ్లేది, వేగం తగ్గించే చిన్న బోర్డుతో సరిపోతుంది.

వేగం సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవటానికి మీటరు అక్కర్లేదు. చక్రం మధ్యలో సమాన దూరంలో 8 తెల్లపట్టీలు అంటించి, పాత చోక్ ట్యూబ్‌లైటు కింద చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ట్యూబ్ సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. చక్రం సెకనుకి 12న్నర చుట్లు తిరిగితే 8 పట్టీలు సరిగ్గా 100 సార్లు దాటతాయి, అంటే పట్టీలు నిలబడినట్టు కనపడతాయి. ముందుకి జారుతుంటే వేగం ఎక్కువ, వెనక్కి జారితే తక్కువ. లండన్‌లోనూ 50 హెర్ట్జే కావటం మన అదృష్టం; అమెరికా లెక్క పట్టుకుంటే ఇది కుదిరేది కాదు. మంచి ఎల్ఈడీ బల్బు కింద మాత్రం ఈ పరీక్ష పనిచెయ్యదు, అది రెపరెపలాడదు కాబట్టి.

ట్యూబ్‌తో సరిచేసిన వేగం లాప్‌టాప్ గడియారంతో పూర్తిగా కలవదు. గ్రిడ్డు 49.9కి దిగితే వెయ్యికి రెండు పాళ్ల తేడా, బొమ్మ కొట్టుకుపోతూ 40 సెకన్లకోసారి చక్రం ఒక పూర్తి చుట్టు తప్పుతుంది. మధ్యలో కరెంటు పోయి ఇన్వర్టరు మీదకి వెళ్తే ఇంకా చెప్పక్కర్లేదు. అందుకే ట్యూబ్ పరీక్ష మొదటి సర్దుబాటుకే. నిలకడకి చక్రం మీద చుట్టుకోసారి ఒక సెన్సరు పల్స్ ఇచ్చి, దాన్ని సిగ్నల్‌లోని పల్సుతో పోల్చి మోటారు వేగం సవరించే చిన్న కంట్రోలరు పెట్టాలి. పాత సెట్లలో ఆ పని 30 పళ్ల ఇనుప చక్రం చేసేది: సెకనుకి 375 గీతల పల్సు విద్యుదయస్కాంతాల్లోకి పోయి ఒక్కో పంటినీ పట్టి లాగేది. అయినా మొదట్లో ముఖం రెండుగా చీలి, కుడిచెవి ఎడమవైపు తేలటం మామూలే. చూసేవాడు బుడిపె తిప్పి సరిచేసుకునేవాడు.

బొమ్మ తలకిందులుగా, కుడి ఎడమలు కూడా తారుమారుగా వస్తే మోటారు తీగలు మార్చండి. కుడి ఎడమలు మాత్రమే మారితే చక్రాన్ని తిప్పి బిగించండి. ముఖం ఫొటో నెగటివ్‌లా నల్లగా, వెంట్రుకలు తెల్లగా వస్తే సిగ్నల్ తిరగబడింది, లాప్‌టాప్‌లోనే తిప్పేయొచ్చు.

దీపం సంగతి. అప్పట్లో పలుచని పలక ఉన్న నియాన్ బల్బు, అందుకే బొమ్మ నారింజ రంగు. ఇప్పుడు 3 వాట్ల తెల్ల ఎల్ఈడీలు నాలుగు, వాటి ముందు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పాలరంగు యాక్రిలిక్ ముక్క. ఏ క్షణంలో చూసినా 2,100 వంతుల్లో ఒక్క వంతు వెలుగే కంటికి చేరుతుంది, కాబట్టి ఎంత దీపం పెట్టినా గది చీకటిగా ఉండాల్సిందే. ఎల్ఈడీకి వోల్టేజి ఊపితే వెలుగు తిన్నగా పెరగదు. ఒక ఆప్-ఆంప్ (సిగ్నల్ని పోల్చి పెంచే చిప్పు), కరెంటుని అదుపు చేసే ట్రాన్సిస్టరు అయిన ఒక మాస్‌ఫెట్, ఒక ఓము రెసిస్టరుతో కరెంటుని ఊపాలి. సిగ్నల్ 0 నుంచి 0.7 వోల్టులైతే కరెంటు 0 నుంచి 700 మిల్లీఆంపులు.

సిగ్నల్ మొత్తం శబ్దం పరిధిలోనే ఉంటుంది కనుక మామూలు వేవ్ ఫైలులో దాచుకోవచ్చు: ఎడమ చానల్లో బొమ్మ, కుడి చానల్లో మాట. 48,000 శాంపిళ్లు పెట్టుకోండి. 375తో భాగిస్తే గీతకి సరిగ్గా 128 వస్తాయి. 44,100 పెడితే 117.6, ఆ చిల్లర మీ ప్రోగ్రాముని ఏడిపిస్తుంది. ఎంపీ3 చేస్తే చెవికి వినపడని తేడాలన్నీ చెరిపేస్తుంది, కంటికి కనపడేవి అవే. వాట్సాప్‌లో ఆడియోగా పంపినా అదే గతి. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి 32 గీతల లెక్క ముందే పెట్టి ఉంటుంది, 30 రంధ్రాల చక్రం మీద అది వేస్తే ముఖం ముక్కచెక్కలవుతుంది. ఇంకొకటి: లాప్‌టాప్ సౌండుకార్డు నిలకడగా ఉండే వోల్టేజిని పంపలేదు. తెర మొత్తం నల్లబరిచినా నలుపు రాదు, క్షణంలో బూడిదరంగుకి తేలిపోతుంది. 1930 నాటి గళ్ల పలక ఇక్కడ మళ్లీ అక్కరకొస్తుంది. సీను మార్పుకి నల్లతెర రాసుకోకండి, గళ్లు రాసుకోండి.

మేకప్, మాట, కదలిక

నేరుగా నటుణ్ణి చూపించాలంటే ఇంకో చక్రం, లెన్సు, గట్టి దీపం, నాలుగైదు సిలికాన్ ఫొటోడయోడ్లు కావాలి. వెలుతురు లీకు ఇక్కడ పెద్ద శత్రువు. వరండాలో ట్యూబ్‌లైటు తలుపు సందులోంచి పడితే బొమ్మ మీద 8 నిలువు చారలు కదలకుండా నిలబడతాయి, పైన 8 పట్టీల లెక్కే ఇక్కడా. చారలు లెక్కపెట్టి 8 వస్తే కరెంటు దీపం, ఇంకెక్కడా వెతకొద్దు.

హాలోజన్ దీపం వాడితే దాన్నుంచి వచ్చే కంటికి కనపడని ఎరుపవతలి వెలుగుని (ఇన్‌ఫ్రారెడ్) సిలికాన్ బాగా పట్టుకుంటుంది. అప్పుడు కుంకుమబొట్టు తెల్లగా మాయమవుతుంది, లిప్‌స్టిక్ పెదవులు ముఖంలో కలిసిపోతాయి, నల్ల పాలిస్టర్ కోటు బూడిదరంగులో మెరుస్తుంది. తెల్ల ఎల్ఈడీ అయితే ఆ బెడద చాలా తగ్గుతుంది. అయినా ఎరుపు మీద నమ్మకం పెట్టుకోవద్దు. బెయిర్డ్ స్టూడియోలో కూడా ఎరుపుతో ఇదే తంటా, పెదవులకి ముదురు నీలం పూసేవారు. బొట్టు కూడా ముదురు నీలంతో, రూపాయి బిళ్లంత పెట్టాలి. అది నాలుగు గీతలు. కనుబొమలు రెండింతలు మందం. ముక్కు పక్కల నీడ గీయకపోతే ముఖం అట్టులా చదునుగా కనపడుతుంది. పద్యనాటకాల వాళ్లకి అర్దళం పూసిన ముఖాల మీద గీతలు దిద్దే అలవాటు ఉంది, ఈ పనికి సినిమా మేకప్ మనిషి కంటే వాళ్లే నయం.

అలాగని పద్యనాటకం ఇందులో పడుతుందా అంటే సగం పడుతుంది. ఆలాపనలో నాలుగు సెంటీమీటర్లు తెరిచిన నోరు ఏడు చుక్కల నల్లమచ్చ, ఈ తెర మీద దానంత స్పష్టంగా కనపడేది ఇంకేదీ లేదు. రాగం ఎంతసేపు తీస్తే అంతసేపు బొమ్మ నిలకడ. కానీ కృష్ణుడి కిరీటం 20 సెంటీమీటర్లు. 40 సెంటీమీటర్ల తెరలో సగం అదే తినేస్తే ముఖానికి మిగిలేది ఏముంది? భుజకీర్తులు అసలే బయట. రాయబారం సీనులో సభ అంతా వదిలేసి, కిరీటం నుదుటి దగ్గర కోసేసి, ఒక్కో ముఖమే చూపించగలిగితే చేయొచ్చు. కాటిసీను దీనికంటే బాగా కుదురుతుంది: చీకటి, కొద్దిమంది, తలగుడ్డ.

పరిషత్తు నాటికల్లో ఐదారు పాత్రలుంటాయి, అవి పట్టవు. ఇద్దరు, మహా అయితే ముగ్గురు. ఈ ముఖాల్ని చూసి ఎవరు ఎవరో పోల్చుకోవటం కష్టం, కాబట్టి పలక తీసిన మొదటి మాటలోనే పిలుపు ఉండాలి: “ఏం బావగారూ, బండి తప్పిందా?” అంటే అవతలి మనిషి ఎవరో, కథ ఎక్కడుందో రెండూ తేలిపోతాయి. గొంతులు కూడా దూరంగా ఉండేవి ఎంచుకోండి, ఒకటి బొంగురైతే ఇంకోటి సన్నం. చీకట్లో స్క్రిప్టు చదవటం కుదరదు. ప్రాంప్టర్ చెవి దగ్గర ఉండాలి, చేతిలో ఫోను వెలుగు మాత్రం ఉండకూడదు.

కదలికకి ఒక్క సూత్రం. ఒక బొమ్మ గీయటానికి 80 మిల్లీసెకన్లు పడుతుంది. తల పక్కకి గబుక్కున తిప్పితే గీతలు ఆ తలని వెంటాడుతూ గీస్తాయి: గీతలు వెళ్లే వైపే తల కదిలితే ముఖం వెడల్పవుతుంది, ఎదురు కదిలితే నొక్కుకుపోతుంది. పైకీ కిందికీ ఊపితే ముఖం వంకర. అడ్డంగా తల ఊపి కాదనటానికి ఒక సెకను తీసుకోండి. ముందుకి వంగితే ఫోకస్ పోతుంది, అందుకే కుర్చీకి వీపు ఆన్చి కూర్చోవాలి.

పేర్ల అట్టలు తెలుగులో రాయాలంటే జాగ్రత్త. అక్షరానికి తొమ్మిది గీతలైనా ఇవ్వాలి, అంటే వరసకి మూడు అక్షరాలు. ప, వ మధ్య తేడా ఒక్క చుక్క. ఆ చుక్క జారిందా, పాము కాస్తా వాము అయి కూర్చుంటుంది. ఒత్తులకి మాత్రం భయం లేదు, ఎత్తులో 70 చుక్కలున్నాయిగా.

చూడటానికి ఒక్కో పెట్టె ముందు ముగ్గురు నలుగురే పడతారు, చేటంత భూతద్దం పెట్టినా. తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి హాల్లో అందరికీ చూపించాలంటే చక్రం ముందు ఫోను పెట్టి ప్రొజెక్టరుకి పంపాలి. మామూలు వీడియోగా తీస్తే నల్లపట్టీలు దొర్లుతాయి. ప్రో మోడ్‌లో షట్టరు సెకనులో పన్నెండో వంతు దగ్గర పెట్టటానికి ఫోను ఒప్పుకుంటే అవి చాలావరకు పోతాయి.

ఈ నాటకాన్నే తెలుగులో వేసేటట్టయితే మీసం కనీసం ఒకటిన్నర సెంటీమీటరు మందం అంటించండి, మూడు చుక్కలు వస్తాయి. మీసం ఎత్తి చూపే చోట కిరణం ఆయన మీదే ఉంచితే ప్రేక్షకుడు ఆ మూడు చుక్కల్లో పువ్వు కోసం వెతుక్కుంటాడు. ఆ పువ్వు మాట అనగానే, వేలు మీసం దగ్గరకి వెళ్తుండగానే గళ్ల పలక జరపండి. నాలుగు సెకన్లలో కుర్చీ మారాలి. పలక తీసేసరికి పొట్లాల మనిషి ముఖం ఉండాలి, కళ్లు ఎదురుగా, నోరు కొంచెం తెరిచి. తెరిచిన నోరు ఎంత బాగా కనపడుతుందో పైన చెప్పాను కదా.